కాన్పుల గదిలో నా గొంతు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆసుపత్రులలో ముప్పై ఏడేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి 2021లో పదవీ విరమణ చేశాను. అందులో సగానికి పైగా కాన్పుల గదిలోనే గడిచింది. ఇప్పటికీ సంతలోనో పెళ్లి పందిట్లోనో ఎవరో ఒక తల్లి తన పెళ్లీడు కూతుర్ని ముందుకు తోసి, "సిస్టరమ్మా, ఈ గుంట మీ సేతుల్లోనే పుట్టింది" అని చెబుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు నిండినట్టు ఉంటుంది. ఉద్యోగం గురించి ఎవరు అడిగినా ఇన్నాళ్లూ ఆ సంతోషాన్నే చెప్పాను. అదే గదిలో నొప్పులతో వచ్చిన ఆడవాళ్లతో మేము ఎలా మాట్లాడామో, వాళ్ల ఒంటి మీద ఎలా చేతులు వేశామో చెప్పలేదు. ఆ మాటలు అన్నవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి చెప్పలేదు. తరువాత ఒక రోజు అవే మాటలు నేను పడ్డాను కాబట్టి కూడా చెప్పలేకపోయాను.

మాది పాలకొండ దగ్గర నాగావళి ఒడ్డున ఒక పల్లె. 1960ల చివరి రోజులలో మా ఊరి పురుళ్లన్నీ ఇళ్లలోనే జరిగేవి. మా ఇంట్లో పెరటి వసారాకు ఆనుకుని ఒక చిన్న గది ఉండేది. మామూలు రోజులలో అందులో ధాన్యం బస్తాలు, ఉల్లిపాయల బుట్టలు ఉండేవి. ఇంట్లో ఎవరికైనా నెలలు నిండితే వాటిని బయటికి తీసి, గదిని పేడతో అలికి, దూలానికి తాడు కట్టేవారు. నొప్పులు పడే మనిషి ఆ తాడు పట్టుకుని గొంతుకూర్చునేది. ప్రతి పురిటికీ అదే తాడు. మా అమ్మ, మా చిన్నమ్మ, మా పెద్దమ్మ కోడళ్లు పట్టుకుని పట్టుకుని దాని కొస మీద ఒక జానెడు మేర నల్లబడి, నూనె రాసినట్టు నున్నగా ఉండేది. పిల్లలం ఆ గదిలోకి వెళ్లకూడదని చెప్పినా, పురుడు అయిపోయాక నేను వెళ్లి ఆ తాడును ముట్టుకుని చూసేదాన్ని.

మంత్రసాని పేరు నాకు తెలియదు. ఊరంతా ఆమెను వరస పెట్టి పిలిచేవారు. నాకు ఆమె మామ్మ. ఆముదం వెచ్చబెట్టి నడుముకు రాస్తూ, నొప్పులు పడుతున్న మనిషి వెనక కూర్చుని తన మోకాళ్లను ఆ నడుముకు ఆనించి, రాత్రంతా మాట్లాడుతూనే ఉండేది. గోడ ఇవతల పడుకున్న నాకు ఆ గొంతు వినబడుతూ ఉండేది. "అరువు తల్లీ, అరువు. అరిత్తే బిడ్డకి తోవ దొరుకుద్ది" అనేది. ఊరి పిల్లలందరినీ మొదట పట్టుకున్నది ఆ చేతులే అయినా, పురుడు పోసిన ఇంట్లో ఆమెకు అన్నం పెట్టేది మాత్రం పెరట్లో విస్తరాకులోనే. ఆ అన్యాయం అప్పట్లో నా కళ్లకు ఆనలేదు.

అయితే మంత్రసాని కాలమే బాగుండేదని అనేవారితో నేను ఏనాడూ ఏకీభవించలేదు. 1974లో మా చిన్నమ్మ రెండో కాన్పు అదే గదిలో అయింది. బిడ్డ పుట్టింది, మాయ పడింది, రక్తం మాత్రం ఆగలేదు. మామ్మ తనకు తెలిసినవన్నీ చేసింది. గడ్డి పరిచిన ఎడ్లబండిలో చిన్నమ్మను పడుకోబెట్టి పాలకొండకు బయలుదేరారు. సగం దారి నుంచే బండి వెనక్కి వచ్చింది. నాకప్పుడు పదమూడేళ్లు. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి పది యూనిట్ల ఆక్సిటోసిన్ సూది వేస్తే గర్భసంచి గట్టిపడి రక్తస్రావం చాలావరకు అదుపులోకి వస్తుందని నర్సింగ్ చదువులో చెప్పిన రోజు, నేను ఆ పేజీ మీదే చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ సూది వేసేవారు ఉంటే మా చిన్నమ్మ బతికి ఉండేదేమో. ఆడవాళ్లు ఆసుపత్రిలోనే కనాలని నేను ఉద్యోగమంతా నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. అందుకే ఆ ఆసుపత్రి గదిలో జరిగింది నన్ను ఇంతగా బాధిస్తోంది.

1984లో నాకు మొదటి ఉద్యోగం వచ్చిన ఆసుపత్రి కాన్పుల గదిలో రెండు ఇనుప బల్లలు ఉండేవి. వాటి మీది రెక్సిన్ చిరిగి లోపలి పీచు బయటికి వచ్చి ఉండేది. రెండు బల్లల మధ్య తెర లేదు. వచ్చిన ప్రతి మనిషికీ మర్మాంగం దగ్గర బ్లేడుతో షేవింగు, పేగులు ఖాళీ చేసే ఎనిమా చేయాలి. ఇవి అందరికీ చేయనవసరం లేదని, మేలు కన్నా హానే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మార్గదర్శకాలు ఇచ్చింది గానీ, మా గదిలో ఆ తరువాత కూడా చాలా ఏళ్లు చేశాం. తోడు వచ్చిన తల్లినీ అత్తనూ గుమ్మం బయటే ఆపేసేవాళ్లం. లోపలికి వచ్చిన మనిషికి మాలో పేరు ఉండేది కాదు. మొదటి కాన్పుదైతే "ప్రైమీ", నాలుగోదో ఐదోదో అయితే "ఇంకా ఆపలేదా?" అనే ప్రశ్న. ఎంతసేపటికోసారి లోపల చెయ్యి పెట్టి చూడాలో మాకు నేర్పారు గానీ, చూసే ముందు ఆ మనిషికి ఒక మాట చెప్పాలని ఎవరూ నేర్పలేదు. ఇద్దరు ముగ్గురు శిక్షణ పిల్లలు ఒకరి తరువాత ఒకరు చూసిన రోజులు కూడా ఉన్నాయి.

నా సీనియర్ ఒకామె చాలా నేర్పరి. అడ్డం తిరిగిన బిడ్డను కూడా చేత్తో పసిగట్టగలిగేది. ఆమే నాకు మొదటి వారంలో చెప్పింది: "మెత్తగా ఉన్నావంటే నెత్తికెక్కుతారు. కసిరితేనే ముక్కుతారు." ముక్కడం ఆలస్యమైతే బిడ్డకు ఊపిరాడదు, బిడ్డకు ఏదైనా అయితే మాట మన మీదికి వస్తుంది, అందుకని కసరాలి. ఈ లెక్క నాకు సబబుగానే తోచింది. ఆరు నెలలు తిరిగేసరికి నా గొంతు ఆమె గొంతులాగే మారింది.

1987 ఆగస్టులో ఒక రాత్రి సంగతి చెబుతాను. బయట ముసురు. ఆఖరి బస్సుకు ఒక అమ్మాయిని ఆమె తల్లి తీసుకొచ్చింది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లు ఉంటాయి. తొలి కాన్పు. ఆ రాత్రి నేను ఒక్కదాన్నే నర్సును, ఒక ఆయా. బయట వరండాలో మరో నలుగురు నొప్పులు పడుతున్నారు. అమ్మాయి బల్ల ఎక్కింది గానీ చలికో భయానికో వణికిపోతూ మోకాళ్లు రెండూ దగ్గరికి బిగించేసింది. బిడ్డ తల కనబడుతోంది. నేను "కాళ్లు తియ్యి" అని రెండుసార్లు చెప్పాను. మూడోసారి తొడ మీద కొట్టాను. తొడ మీద కొట్టడాన్ని మేము కొట్టడం కింద లెక్క వేసేవాళ్లం కాదు. చెంప మీద కొడితేనే కొట్టడం. ఆ తరువాత ఆయా నవ్వుతూ అనే మాట, మా గదిలో అందరూ అనే మాట, నేనూ అన్నాను: "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకొచ్చిందే? నోరు మూసుకుని ముక్కు."

ఆ అమ్మాయి నిజంగానే నోరు మూసుకుంది. తరువాత ఒక్క అరుపు కూడా అరవలేదు. కింది పెదవి పళ్ల మధ్య పెట్టుకుని ముక్కింది. అదే సరైన పద్ధతి అని, నా మాట పనిచేసిందని అప్పుడు అనుకున్నాను. ఆడపిల్ల పుట్టింది. కుట్లు వేశాక నెత్తురు తుడుస్తున్నప్పుడు ఆ తొడ మీద నా నాలుగు వేళ్లూ ఎర్రగా తేలి కనబడ్డాయి. నేను దుప్పటి కప్పాను. "సిస్టరమ్మా, మా యమ్మని ఓపాలి పిలవండి" అని అడిగింది. పిలుస్తానని చెప్పి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయాను. ఆమె తల్లి లోపలికి వచ్చేసరికి రెండు గంటలు దాటింది. గుమ్మం దగ్గర ఆయా, బిడ్డను చూపించినందుకు ఐదు రూపాయలు తీసుకుంది. మగపిల్లాడైతే పది తీసుకునేది. అదంతా నేను చూశాను. చూసి, రిజిస్టరు రాసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని తాగాను.

పని ఒత్తిడి వల్ల అలా చేశామని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఒత్తిడి అబద్ధం కాదు. ఒక్క నర్సు మీద అంతమందిని వదిలేసిన వ్యవస్థకు తన వాటా నింద ఉంది. కానీ ఎమ్మార్వో గారి భార్యో, కాలేజీ లెక్చరరు భార్యో కాన్పుకు వచ్చిన రాత్రి కూడా వరండాలో అంతమందే ఉండేవారు, నేను ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆ రాత్రి మా గొంతులు వాటంతట అవే తగ్గిపోయేవి. ఉతికిన దుప్పటి ఎక్కడి నుంచో దొరికేది. మెత్తగా మాట్లాడటం మాకు చేతకాక కాదు. ఎవరితో మెత్తగా మాట్లాడాలో ఒంటి మీది చీరను బట్టి, మాట యాసను బట్టి, చెప్పిన ఊరి పేరును బట్టి ముందే తేల్చుకునేవాళ్లం.

1989లో నా మొదటి కాన్పు. పుట్టింటికి దగ్గరగా ఉంటుందని వేరే ఊరి ఆసుపత్రిలో చేరాను. ఆ ఊరు, ఆ ఆసుపత్రి పేరు చెప్పను. ఏ ఆసుపత్రిలో చేరినా అప్పట్లో దాదాపు అంతే. నేను నర్సునని చెప్పలేదు. చెప్పుకుని ప్రత్యేకంగా చూపించుకోవడం బాగుండదని అనుకున్నాను. కేస్ షీటు మీద అడగకుండానే హౌస్‌వైఫ్ అని రాసుకున్నారు.

పదకొండు గంటలు నొప్పులు పడ్డాక బల్ల ఎక్కించారు. సెలైన్‌లో నొప్పుల మందు కలిపారు. ఏం కలుపుతున్నారో నాకు చెప్పలేదు గానీ, సీసా మీది పేరు చదివి తెలుసుకున్నాను. మా చిన్నమ్మను కాపాడి ఉండగలిగిన మందే అది. బిడ్డ పుట్టాక సూదిలో ఇస్తే ప్రాణం నిలబెట్టే ఆ మందును, పుట్టకముందు తొందర కోసం చుక్కల లెక్క చూడకుండా వదిలితే నొప్పికి నొప్పికి మధ్య ఊపిరి పీల్చుకునే సందు కూడా ఉండదు. మరీ మితిమీరితే గర్భసంచే చిట్లిపోవచ్చు. ఆ సందు లేనితనం ఎలా ఉంటుందో చదివినప్పుడు నాకు తెలియలేదు. ఒకామె స్టూలు ఎక్కి నా పొట్ట పైభాగాన మోచేయి ఆనించి కిందికి నొక్కింది. తరువాత రెండు నెలలు దగ్గినప్పుడల్లా పక్కటెముకలు నొప్పి పెట్టాయి. తలుపు తెరిచే ఉంది. వార్డు బాయి ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకుంటూ నా కాళ్లకు ఎదురుగా వచ్చి, గోడ పక్కన నిలబెట్టి, మళ్లీ వెళ్లాడు. బల్ల పక్కన మడిచిన దుప్పటి ఉంది. దాన్ని అందుకుని నా మీద వేయాలని ఆ గదిలో ఎవరికీ తోచలేదు.

అప్పుడు నేను అరిచాను. మామ్మ చెప్పినట్టు, ఒళ్లంతా గొంతు చేసుకుని అరిచాను. నా కాళ్ల దగ్గర నిలబడిన నర్సు నా వయసుదే. విసుగ్గా, తల కూడా ఎత్తకుండా అంది: "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకొచ్చిందే? నోరు మూసుకుని ముక్కు."

ఒక్క అక్షరం తేడా లేదు. ఆమె ఎవరో, ఎక్కడ చదివిందో నాకు తెలియదు. కానీ ఆ మాట నాది. ఆ విరుపు నాది. రెండేళ్ల కిందటి ముసురు రాత్రి ఆ అమ్మాయి పెదవి ఎందుకు కరుచుకుందో ఆ క్షణంలో తెలిసింది, ఎందుకంటే నేనూ కరుచుకున్నాను. నొప్పి తగ్గి కాదు. ఇంకొక మాట పడలేక.

కోత పెట్టారు. మత్తు సూది వేశారు గానీ అది పట్టేందుకు రెండు మూడు నిమిషాలైనా ఆగాలి. ఆగకుండా కుట్టడం మొదలుపెట్టారు. "సిస్టర్, జైలోకెయిన్ ఇంకా పట్టలేదు" అన్నాను. "నువ్వేమైనా డాక్టరువా?" అని సమాధానం వచ్చింది. ఆ తరువాత నేను మాట్లాడలేదు. సూది లోపలికి దిగడం, దారం జరజరా లాగడం, ముడి బిగియడం ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ఏడు కుట్లు. బిడ్డను కన్న నొప్పి ఎలాంటిదో ఇప్పుడు గుర్తు తెచ్చుకోబోతే సరిగా గుర్తు రాదు. ఆ ఏడు కుట్లూ, ఆ ఒక్క మాటా మాత్రం ముప్పై ఏళ్లు దాటినా అరగలేదు.

ఇంటికి వచ్చాక ఒక రోజు, అమ్మ నాకు వేడినీళ్లు పోస్తున్నప్పుడు కొంచెం చెప్పబోయాను. అమ్మ చెంబు ఆపింది. "పిల్ల దక్కింది, నువ్వు దక్కినావు. ఇంకేటి కావాల?" అంది. ఆ మాటలో కోపం లేదు. సొంత చెల్లెల్ని ఎడ్లబండి ఎక్కించి పంపి, సగం దారి నుంచి వెనక్కి రావడం చూసిన మనిషి ఆమె. ఆమెకు ఎదురు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడైతే చెప్పేదాన్ని: అమ్మా, ప్రాణం దక్కడమూ కావాలి, పరువు దక్కడమూ కావాలి, ఒకటి ఇచ్చినందుకు రెండోది లాక్కోనక్కర్లేదు అని. చెప్పాలని అనిపించేనాటికి అమ్మ లేదు.

సెలవు ముగిసి మళ్లీ డ్యూటీలో చేరాక నేను ఒక్కసారిగా మారిపోయానని చెబితే అది అబద్ధమవుతుంది. చెయ్యి ఆగింది. ఆ తరువాత ఎవరినీ కొట్టలేదు. నోరు ఆగడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. తెల్లవారుజామున మూడింటికి, ఒళ్లు అలిసిపోయినప్పుడు, పాత గొంతు తనంతట తానే బయటికి వచ్చేది. అన్న తరువాత నాలుక కరుచుకునేదాన్ని.

1996లో సీతంపేట ఏజెన్సీ వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ అయింది. ఒక సవర గూడెంలో పిల్లలకు టీకాలు వేయడానికి ఏఎన్ఎంతో కలిసి కొండ ఎక్కాను. అక్కడ ఒక ఇంట్లో కోడలు నాలుగు రోజుల బాలింత. ఆసుపత్రికి ఎందుకు తీసుకురాలేదని నేను కొంచెం గట్టిగానే అడిగాను. ఆమె అత్త గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. చేతిలో పని ఆపకుండా సవర భాషలో ఏదో చెప్పింది. ఏఎన్ఎం దాన్ని తెలుగులో చెప్పడానికి ఇబ్బంది పడింది. చెప్పమన్నాను. "మా మనిషిని మా దగ్గర ఉండనివ్వరట. బట్ట తీసేస్తారట. మాట రాదని నవ్వుతారట. పెద్ద కోడలిని కొట్టారట. సచ్చినా ఇక్కడ మా వాళ్ల మధ్య సస్తాం అంటోందమ్మా" అంది.

రక్తం ఆగక చచ్చిపోయిన మా చిన్నమ్మ గురించి చెప్పి ఆమెను ఒప్పించాలని అనుకున్నాను. ఆ మాట విన్నాక నా నోట మాట పెగల్లేదు. ఆమె భయపడింది కొండను చూసి కాదు, దూరాన్ని చూసి కాదు. నాలాంటివాళ్లను చూసి. ఆ నెల నివేదికలో, ఇంటి దగ్గర కాన్పులకు కారణం రాయవలసిన గడిలో అందరూ ఎప్పుడూ రాసేదే నేనూ రాశాను: అవగాహన లోపం. డోలీలో గర్భిణిని మోసుకొస్తున్న ఫొటో పత్రికలో వచ్చినప్పుడల్లా రోడ్డు లేదని అందరూ రాస్తారు. రోడ్డు కావాలి, అది నిజమే. రోడ్డు చివర ఉన్న గదిలో ఏం ఎదురవుతుందో కూడా ఎవరైనా రాయాలని నాకు అనిపిస్తుంది.

తరువాతి సంగతులు త్వరగా చెబుతాను. 2005లో, ఆసుపత్రిలో కన్న తల్లికి డబ్బిచ్చే జనని సురక్ష యోజన వచ్చింది, ఊరూరా ఆశా కార్యకర్తలు వచ్చారు, అదే ఏడాది ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 వాహనాలు మొదలయ్యాయి. 1992-93 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద ఆసుపత్రి కాన్పులు నూటికి ఇరవై ఆరు. 2019-21 సర్వేకి అవి 88.6 శాతం, మన రాష్ట్రంలో 96.5 శాతం. ఎందరో చిన్నమ్మలు బతికారు. ఆ పనిలో నేనూ ఒక చెయ్యి వేశానని గర్వంగానే ఉంది. కానీ నూరుమందిలో తొంభై ఆరుగురు వచ్చే గదిలో మాట తీరు అలాగే ఉంటే, అది నూరుమందిలో తొంభై ఆరుగురికి తగులుతుంది.

తీరు మారిన చోట కూడా వేరే రూపంలో అదే ఉంది. 2019లో మా అక్క మనవరాలి కాన్పు విజయనగరంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో జరిగింది. ఏసీ గది, నవ్వు ముఖాలు, ఒక్క గట్టి మాట లేదు. సాయంత్రం ఉన్నట్టుండి ఆపరేషన్ అన్నారు. ఎందుకో ఆమెకు చెప్పలేదు. కాగితం ఆమె భర్త చేతికి ఇచ్చారు, అతను సంతకం పెట్టాడు. కోసేది ఎవరి పొట్టో ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు. ఆపరేషన్ ప్రాణాలు కాపాడుతుందని నాకు తెలుసు. ఎన్నోసార్లు పరుగెత్తి థియేటరు సిద్ధం చేసినదాన్ని. అయినా నూటికి పది పదిహేనుకు మించి ఈ ఆపరేషన్లకు సమర్థన లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పగా, అదే 2019-21 సర్వేలో మన రాష్ట్రం లెక్క 42.4 శాతం, ప్రైవేటు ఆసుపత్రులలో 63 శాతం వచ్చింది. అందరికీ అవసరమై ఉంటుందని నేను నమ్మలేను.

2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం కాన్పుల గదుల కోసం లక్ష్య అనే కార్యక్రమం మొదలుపెట్టింది. దానికింద మరుసటి ఏడాది మాకు జిల్లా కేంద్రంలో శిక్షణ ఇచ్చారు. బల్లల మధ్య తెరలు, తోడుగా ఒక ఆడమనిషి, అడిగి పరీక్ష చేయడం, కొట్టకపోవడం, తిట్టకపోవడం. ఇవన్నీ పాఠంగా చెబుతుంటే ఉద్యోగం చివరికొచ్చిన మేము తలలు వంచుకుని రాసుకున్నాం. డయానా బౌసర్, క్యాథ్లీన్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో కాన్పు సమయంలో జరిగే అవమానాలను ఏడు రకాలుగా విడదీసి చూపారని శిక్షకురాలు చెప్పింది. కొట్టడం, ఒప్పుకోలు లేకుండా చేయడం, మరుగు లేకుండా చేయడం, హీనంగా మాట్లాడటం, మనిషిని బట్టి తేడా చూపడం, ఒంటరిగా వదిలేయడం, డబ్బు కట్టేదాకా ఆపేయడం. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఆరు నేను చేసినవో, చూస్తూ ఊరుకున్నవో. బిడ్డను చూపించడానికి ఆయా తీసుకున్న ఐదు రూపాయలను కూడా కలిపితే ఏడోది కూడా దూరంగా ఏమీ లేదు. వెనిజులా దేశంలో 2007లోనే దీన్ని స్త్రీల మీద హింస కింద చట్టంలో చేర్చారని కూడా ఆ రోజే విన్నాను. అంతవరకు మా గదిలో దానికి ఉన్న పేరు క్రమశిక్షణ.

మధ్యాహ్నం శిక్షకురాలు మాలో ఒకరిని బల్ల మీద పడుకోమంది. ఎవరూ లేవకపోతే నేను లేచాను. చీర సర్దుకుని, కాళ్లు పైకి పెట్టి పడుకున్నాను. చుట్టూ నలుగురు సహోద్యోగులు నిలబడి మామూలుగా గదిలో అనే మాటలు అనాలి. ముందు నవ్వులాటగానే మొదలుపెట్టారు. "ఏటమ్మా, ముక్కలేవా? తిండి తిన్నేదా?" అని ఒకామె, "సినిమా సూత్తున్నావా?" అని ఇంకొకామె. మూడోది ఏ మాట రాబోతోందో నాకు తెలుసు. అది రాకముందే నేను లేచి కూర్చున్నాను. చేతులు వణుకుతున్నాయి. 1989 సంగతి, అమ్మ చెంబు ఆపిన సంగతి, ఇరవై తొమ్మిదేళ్ల తరువాత మొదటిసారి ఆ బల్ల మీదే కూర్చుని బయటికి చెప్పాను. గది నిశ్శబ్దమైపోయింది. తరువాత ఒకామె తన కాన్పు చెప్పింది. ఇంకొకామె చెప్పింది. సాయంత్రానికి ఐదుగురం చెప్పుకున్నాం. ఐదుగురమూ నర్సులమే. ఐదుగురమూ తిట్లు తిని కన్నవాళ్లమే, మళ్లీ డ్యూటీలో చేరి తిట్టినవాళ్లమే.

కాన్పుల గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించాలని కేంద్రం 2016 ఫిబ్రవరిలోనే చెప్పినా, మా దగ్గర అది నిజంగా అమలైంది ఈ శిక్షణ తరువాతే. మొదట నాకే అనుమానంగా ఉండేది. అడ్డుపడతారని, కంగారు పెడతారని. ఒక రోజు చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి పక్కన ఆమె అత్తను నిలబెట్టాం. ఆ అత్త కోడలి తలను తన చంకలో పెట్టుకుని, చెమట పట్టిన జుట్టును వేళ్లతో వెనక్కి దువ్వుతూ, "ముక్కు తల్లీ, ఇదిగో నానున్నాను, ముక్కు" అంటూనే ఉంది. నేను గొంతు ఎత్తవలసిన పనే రాలేదు. యాభై ఏళ్ల కిందట గోడ అవతల విన్న గొంతు నా ఎదురుగా, నా గదిలో, ఆక్సిటోసిన్ సూది సిద్ధంగా ఉంచిన ట్రే పక్కన వినబడింది. ఈ రెండూ ఒకే గదిలో ఉండటానికి ఇన్నేళ్లు పట్టవలసిన అవసరం ఏముందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నా ఆఖరి పోస్టింగు మొదటి ఉద్యోగం చేసిన ఆసుపత్రికే వచ్చింది. పదవీ విరమణకు నెల రోజుల ముందు పాత కాగితాల గదిని శుభ్రం చేయిస్తుంటే చెదలు తిన్న రిజిస్టర్ల కట్ట బయటపడింది. 1987ది దొరికింది. ఆగస్టు పేజీలు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే, తెల్లకాగితం ముక్కతో ఒక్కొక్కటీ విడదీశాను. ఆ రాత్రి నేను రాసిన వరుస ఉంది. ప్రైమీ. ఎఫ్‌టీఎన్‌డీ, అంటే నెలలు నిండిన మామూలు కాన్పు. వేకువ 3.40. లైవ్ ఫీమేల్, 2.6 కేజీలు. ఆ పక్కన, చివరి గడిలో, గుండ్రటి అక్షరాలతో నా చేతిరాత: తల్లి, బిడ్డ క్షేమం. కింద నా పొట్టి సంతకం.